ఎదురుపడ్డప్పుడు చెయ్యెత్తాలా? పక్కనుంచి దాటేటప్పుడు ఏమనాలి?

కొత్త పెడలు | ఆదివారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. సైకిలు మొదలుపెట్టి నాలుగు నెలలైంది. నాది పాత ఉక్కు ఫ్రేము, ఎవరో వాడి అమ్మేస్తే కొనుక్కున్నాను. వెనక ఏడు పళ్ళచక్రాలు, ముందు ఒక్కటే. నాకది చాలు.

ఇవాళ 32 కిలోమీటర్లు తొక్కాను. అంత దూరం పోవడం ఇదే మొదలు. దారిలో తొమ్మిది మంది సైకిళ్ళ మీద ఎదురొచ్చారు, తొమ్మిది మందికీ చెయ్యెత్తాను. ముగ్గురు తిరిగి ఎత్తారు, ఒకాయన తలూపాడు. ముగ్గురు కన్నెత్తి చూడలేదు. మిగిలిన ఇద్దరూ చూశారు గానీ నన్ను కాదు. ముందు టైరు నుంచి వెనక టైరు దాకా నా సైకిలు మీద ఒక చూపు నడిపించి, తల తిప్పేసుకున్నారు. అప్పటిదాకా ఉన్న హుషారంతా ఆ చూపుతో పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఇంకోటి జరిగింది. వెనకనుంచి ఒకాయన చప్పుడు లేకుండా వచ్చి నా భుజానికి జానెడు దూరంలో దూసుకుపోయాడు. గుండె ఝల్లుమంది. హ్యాండిల్ వణికి రోడ్డు అంచున ఉన్న కంకర్లోకి దిగాను. పడలేదు, కానీ కాసేపు ఆగి నిలబడాల్సి వచ్చింది.

సైకిలు తొక్కేవాళ్ళ మధ్య పలకరింపు అనేది ఉందా, లేక నేనే ఊహించుకుంటున్నానా? ఉంటే దాని పద్ధతేమిటి?

పాత చైను | ఆదివారం, ఉదయం 11:25

ఉంది తమ్ముడూ. ముప్పై ఏళ్ళకి పైగా తొక్కుతున్నాను, ఇప్పటికీ ఎదురొచ్చిన ప్రతి మనిషికీ ఏదో ఒకటి చేస్తాను. కానీ బదులు రాని ఐదుగురినీ ఒకే గాటన కట్టకు. వాళ్ళలో కొందరు నిన్ను చూసే ఉంటారు, చెయ్యి తియ్యలేకపోయారు.

లెక్క చూడు. ఆయన గంటకి 28 కిలోమీటర్ల మీద వస్తున్నాడు, నువ్వు 22 మీద పోతున్నావు. ఇద్దరూ కలిసి 50. అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. 40 మీటర్ల దూరంలో నువ్వు చెయ్యెత్తితే, ఆయన దాన్ని చూసి, అది తనకేనని గ్రహించి, రోడ్డు మీద గుంట లేదని చూసుకుని, చెయ్యి లేపడానికి మూడు సెకన్లు కూడా ఉండవు. చాలామంది చెయ్యి లేచేసరికి నువ్వు వెనక్కి వెళ్ళిపోయి ఉంటావు. ఆయన ఎత్తాడనే సంగతి నీకు తెలీదు.

రెండోది బ్రేకు. ఒక చెయ్యి హ్యాండిల్ మీదనుంచి తీశామంటే ఒక బ్రేకు పోయినట్టే. పల్లంలో 45 మీద దిగుతున్నవాడు చెయ్యెత్తకపోతే మంచి పని చేశాడనుకో. ఎత్తు ఎక్కుతున్నవాడి సంగతి వేరు. వాడికి వేగం ఉండదు, ఊపిరీ ఉండదు. వాడి నుంచి మాట ఆశించకు, నువ్వే ఒక మాట అనెయ్. "అయిపోవచ్చింది, ఇంకో మలుపే" అని ఎవరో అన్న మాటతో నేను ఎన్ని ఎత్తులు ఎక్కానో. కానీ నిజంగా ఇంకో మలుపే ఉంటేనే అనాలి. అది అబద్ధమైతే ఎక్కేవాడికి ఆ తర్వాతి మలుపు దగ్గర ప్రాణం ఉసూరుమంటుంది.

నా పద్ధతి చెప్తాను. రోడ్డు బాగుంటే అరచెయ్యి, దూరం నుంచే. రోడ్డు బాగా లేకపోతే చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి రెండు వేళ్ళు లేపుతాను. అదీ కుదరకపోతే గడ్డం కొంచెం ఎత్తి దించుతాను. "నిన్ను చూశాను" అని చెప్పడమే ఇందులో అసలు పని. మిగతాదంతా దాని మీద పోపు.

వెనకనుంచి చప్పుడు లేకుండా దాటడం మాత్రం వేరే సంగతి. అది తప్పే. దానికి సాకు లేదు.

వెనక క్యారియర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

పాత చైను గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ రెండు చూపుల సంగతి మీరు దాటేశారు. కొత్త పెడలు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం.

నేను పదకొండేళ్ళుగా పనికి సైకిలు మీదే పోతున్నాను. వానొచ్చినా అదే, జ్వరమొచ్చినా అదే. వెనక క్యారియర్, దాని మీద రబ్బరు తాడుతో కట్టిన సంచి, మామూలు చొక్కా, మామూలు ప్యాంటు, కుడికాలికి మడత. నా దారిలో వారాంతాల్లో క్లబ్బువాళ్ళు ఎదురొస్తారు. ఒకళ్ళకొకళ్ళు చేతులెత్తుకుంటారు, నవ్వుకుంటారు. వాళ్ళ వెనకే నేను వస్తుంటే చేతులు దిగిపోతాయి. నేను వాళ్ళకి సైకిలిస్టుని కాదు, రోడ్డు మీద పోయే మనిషిని.

నెలకి నాలుగు ఆదివారాలు తొక్కేవాళ్ళకంటే నేను తొక్కే కిలోమీటర్లు ఎక్కువే ఉంటాయి. అయినా బిగుతు బట్టలు లేవు కాబట్టి లెక్కలోకి రాను. ఇది పలకరింపు కాదండీ, యూనిఫారం చూసి యూనిఫారానికి పెట్టే దండం.

ఎదురుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 2:35

బహుశా నేనూ అలా పోయేవాళ్ళలో ఒకణ్ణి. నా వైపు నుంచి చెప్తాను.

వారానికి రెండు రోజులు నేను 4 నిమిషాలు గట్టిగా, 4 నిమిషాలు తేలిగ్గా, అలా ఐదారు విడతలు తొక్కుతాను. ఆ గట్టి 4 నిమిషాల్లో కళ్ళు ముందు చక్రానికి పది పన్నెండు మీటర్ల అవతల ఉంటాయి, చెవుల్లో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఎదురొచ్చేది మనిషో లారీయో అన్నంతవరకే తెలుస్తుంది. అప్పుడు మా అన్నయ్య ఎదురొచ్చినా చెయ్యి లేవదు. అది పొగరు కాదు.

ఇంకోటి, ఊళ్ళో పనివేళల్లో వందమంది సైకిళ్ళ మీద పోతుంటారు. అందరికీ చెయ్యెత్తుకుంటూ పోతే చెయ్యి హ్యాండిల్ మీద ఉండదు. ఎవరూ లేని రోడ్డు మీద ఒక్కడు కనపడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. జనం పలచబడేకొద్దీ పలకరింపు చిక్కబడుతుంది. ఇది సైకిళ్ళకే కాదు, నడిచేవాళ్ళకీ అంతే.

వెనక క్యారియర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

అన్నా, గట్టి 4 నిమిషాల సంగతి ఒప్పుకున్నాను. మరి తేలిక 4 నిమిషాల్లో?

ఎదురుగాలి | ఆదివారం, సాయంత్రం 6:50

మీ ప్రశ్న చదివి వెంటనే ఏదో రాయబోయి చెరిపేశాను. అప్పటినుంచి ఆలోచిస్తున్నాను.

నిజం ఒప్పుకుంటాను. తేలిక 4 నిమిషాల్లో కూడా నా చూపు ముందు సైకిలు మీద పడుతుంది. ఫ్రేము, చక్రాలు, గేర్లు. మనిషి తర్వాత. అది అలవాటైపోయింది, కావాలని చేసేది కాదు. కానీ అవతలివాళ్ళకి అది ఎలా తగులుతుందో ఇవాళ్టిదాకా ఎవరూ చెప్పలేదు. కొత్త పెడలు రాసిన ఆ చూపు నాదే అయ్యుండొచ్చు. మీ ఇద్దరికీ క్షమాపణ చెప్తున్నాను.

తెల్లారిగట్ల | ఆదివారం, రాత్రి 8:15

ఎదురుపడటం గురించి అందరూ చెప్పారు. నేను వెనకనుంచి రావడం గురించి చెప్తాను. పొద్దున 5 గంటలకి ఒంటరిగా తొక్కే ఆడమనిషిని. నాకు పలకరింపు అంటే ఒక రకం కాదు, నాలుగైదు రకాలు.

ఎదురుగా వచ్చి తలూపి పోయేవాళ్ళంటే ఇష్టం. వెనకనుంచి వచ్చి "కుడిపక్కనుంచి వస్తున్నానండీ" అని చెప్పి, బారెడు దూరం వదిలి దాటి, అదే వేగంతో సాగిపోయేవాళ్ళంటే ఇంకా ఇష్టం. నన్ను దాటి, ముందుకెళ్ళి, నెమ్మదించి, నేను దాటాక మళ్ళీ దాటి, మళ్ళీ నెమ్మదించేవాళ్ళుంటారు. వాళ్ళ మనసులో ఏమీ లేకపోవచ్చు, అలిసిపోయి ఉండొచ్చు. కానీ చీకట్లో నాకు అది తెలిసే దారి లేదు. దాటితే దాటి పొండి. వేగం చాలకపోతే దాటకుండా దూరంగా ఉండండి.

నా వెనక చక్రాన్ని పట్టుకుని చెప్పకుండా రావడం ఇంకో రకం. ముందున్నవాళ్ళ వెనక నక్కితే గాలి తగ్గుతుందని అందరికీ తెలుసు. పందెం వేగంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుందంటారు. కానీ నా చక్రానికి మీ చక్రానికి మధ్య అడుగు దూరం ఉందని నాకు తెలియకపోతే, గుంట కనపడగానే నేను బ్రేకు వేస్తాను. అప్పుడు పడేది వెనకున్నవాళ్ళు. ముందు అడగండి: "కాసేపు మీ వెనక రావచ్చా?" నేను వద్దంటే నొచ్చుకోకండి. సరేనంటే గుంటలు చేత్తో చూపిస్తాను, నేను ఆగేముందు చెప్తాను. కాసేపయ్యాక మీరు ముందుకొచ్చి గాలి మీ వంతు తీసుకోండి.

ఆగి ఉన్నప్పుడు ఇంకో మాట. నేను రోడ్డు పక్కన సైకిలు తిరగేసుకుని కూర్చుంటే, "అన్నీ ఉన్నాయా?" అని రోడ్డు మీదనుంచే అడగండి. నేను ఉన్నాయంటే వెళ్ళిపొండి. లేవంటే అప్పుడు దిగండి. అడగకుండా దిగి దగ్గరికొచ్చి నా చేతిలో పానా లాక్కున్నవాళ్ళూ ఉన్నారు.

పాత చైను | ఆదివారం, రాత్రి 9:00

అమ్మా, ఆ ముందుకీ వెనక్కీ ఊగులాటలో ఉన్న భయం నాకు ఇన్నేళ్ళలో తట్టనే లేదు. ఊపిరి అందక నేనూ అలా చేసి ఉంటాను. ఇకమీదట చెయ్యను.

దాటే పద్ధతికి కొంచెం కలుపుతాను. నువ్వు 26 మీద వస్తున్నావు, ముందున్నవారు 18 మీద ఉన్నారు. తేడా 8. అంటే సెకనుకి రెండు మీటర్ల పైచిలుకు. 15 మీటర్ల వెనక ఒక్కసారి బెల్లు కొడితే పక్కకి వచ్చేసరికి ఏడు సెకన్ల దాకా ఉంటాయి. అవతలివాళ్ళు విని, తడబడకుండా సర్దుకోవడానికి అది చాలు. చెవి పక్కకొచ్చాక కొట్టే బెల్లు బెల్లు కాదు, ఉలికిపాటు. విన్నవాడు తల తిప్పుతాడు, తల తిరిగిన వైపుకే హ్యాండిలూ తిరుగుతుంది, అంటే సరిగ్గా నువ్వు వచ్చే వైపుకే.

బెల్లు వద్దనేవాళ్ళుంటారు, నోటితో చెప్పడం మర్యాద అంటారు. నేను రెండూ చేస్తాను, ముందు బెల్లు, తర్వాత మాట, దాటాక థాంక్స్. బెల్లు అలంకారం కాదు. 1968 నాటి వియన్నా రోడ్డు రవాణా ఒప్పందంలో సైకిలుకి ఉండాల్సినవి చెప్పినచోట బ్రేకుతో పాటు, తగినంత దూరం వినపడే బెల్లు కూడా రాశారు. దేశం దాటి వెళ్ళే సైకిలుకి పనికొచ్చే బ్రేకు, బెల్లు, ముందు లైటు, వెనక ఎర్ర లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, అంతే. గేర్లు, బరువు, కార్బన్ అడగలేదు. వెనక క్యారియర్ గారి సైకిలు అందులో అన్నిటికీ సరిపోతుంది.

నిదానం | ఆదివారం, రాత్రి 10:30

ఈ వేదికలో చాలాకాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు రాయాలనిపించింది.

నాకు కుడి చెవి అసలు వినపడదు, ఎడమ చెవికి మిషను ఉంది. గాలిలో తొక్కేటప్పుడు మిషన్లో హోరు తప్ప ఏమీ వినపడదని తీసి జేబులో పెట్టుకుంటాను. అంటే రోడ్డు మీద నేను చెవిటివాణ్ణే. మీరు బెల్లు కొడతారు, నేను కదలను. రెండోసారి గట్టిగా కొడతారు, కదలను. దాటేటప్పుడు నా ముఖం మీద అరిచి పోయినవాళ్ళున్నారు. వాళ్ళ నోరు కదలడం కనపడుతుంది, మాట వినపడదు. ముఖం చూస్తే మాత్రం మాట ఏమిటో తెలుస్తుంది.

బెల్లు కొట్టడం మంచిదే, మానొద్దు. కానీ కొట్టగానే అవతలివాళ్ళు విన్నారనుకోవద్దు. విన్నవాళ్ళు ఏదో ఒకటి చేస్తారు, కొంచెం పక్కకి జరుగుతారు, చెయ్యి ఊపుతారు, భుజం మీదుగా చూస్తారు. ఏమీ చెయ్యలేదంటే వినలేదని అర్థం. అప్పుడు వేగం తగ్గించి, రోడ్డు వెడల్పు దొరికేదాకా ఆగి, దూరంగా దాటండి. నేను హ్యాండిల్ చివర చిన్న అద్దం బిగించుకున్నాను, పది సెకన్లకోసారి చూస్తాను. అయినా మలుపుల్లో అందులో చెట్లు తప్ప ఏమీ కనపడవు.

నాకు మాత్రం చెయ్యెత్తడమే అసలు పలకరింపు. మాటలన్నీ గాలిలో పోతాయి, చెయ్యి ఒక్కటే అందుతుంది. ఎదురొచ్చేవాళ్ళలో ఎత్తినవాళ్ళు ఎవరో నాకు గుర్తుండిపోతారు.

కొత్త పెడలు | సోమవారం, ఉదయం 6:20

నిదానం గారూ, ఇది చదివాక ఇంకో అనుమానం వచ్చింది. నన్ను చప్పుడు లేకుండా దాటారని రాశానే, ఆయన నిజంగా బెల్లు కొట్టాడేమో, గాలికి నాకు వినపడలేదేమో. ఆ సమయంలో ఎదురుగాలి గట్టిగా ఉంది. జానెడు దూరం మాత్రం తప్పే, కానీ చప్పుడు లేదన్న మాట మీద ఇప్పుడు నాకు అంత నమ్మకం లేదు.

ఎదురుగాలి | సోమవారం, ఉదయం 7:45

గుంపుగా దాటేటప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు. మేం పదిమందిమి ఒకరి వెనక ఒకరు వస్తాం. మొదటివాడు "వస్తున్నాం" అని దాటతాడు. ఒంటరిగా పోయే మనిషి, దాటేది ఒక్కడేననుకుని మళ్ళీ రోడ్డు మధ్యలోకి వస్తాడు, అప్పుడు రెండోవాడు, మూడోవాడు. అందుకని మా దగ్గర ముందున్నవాడు "పదిమందిమి" అని లెక్క చెప్పాలి, ఆఖరివాడు దాటేటప్పుడు "నేనే చివర" అనాలి. ఆ రెండో మాట చాలా గుంపులు మర్చిపోతాయి. విన్నవాడికి అదే ఎక్కువ ఊరట.

దాటాక వెంటనే వాళ్ళ ముందుకి కోసుకుని రాకూడదు. మా వెనక చక్రం వాళ్ళ ముందు చక్రానికి తగిలితే పడేది మేం కాదు, వాళ్ళు.

రాత్రి సవారీ | సోమవారం, మధ్యాహ్నం 12:15

నేను దూరప్రయాణాల బాపతు. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే పందెం కాకుండా గడువులోగా పూర్తిచెయ్యాల్సిన సవారీలు. రాత్రంతా తొక్కాల్సి వస్తుంది కాబట్టి రాత్రి మర్యాద చెప్తాను, అది పగటి మర్యాద లాంటిది కాదు.

రాత్రి చెయ్యెత్తి లాభం లేదు, కనపడదు. మీ లైటు వెనక మీరు నల్లటి ముద్ద అంతే. నోటితో పలకాలి. నేను తలకి లైటు పెట్టుకున్న కొత్తల్లో ఎదురొచ్చినవాళ్ళని పలకరిద్దామని వాళ్ళ వైపు తల తిప్పేవాణ్ణి. ఆ వెలుగంతా సూటిగా వాళ్ళ కళ్ళలో పడేది. ఒకాయన కళ్ళు బైర్లు కమ్మి రోడ్డు దిగి ఆగిపోయాడు. అప్పటికి గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. ఇప్పుడు ఎవరైనా ఎదురొస్తే తల లైటు అరచేత్తో మూసి, హ్యాండిల్ లైటు కిందికి వంచి, అప్పుడు మాట్లాడతాను. హ్యాండిల్ లైటు వెలుగు మధ్యభాగం మీ ముందు రోడ్డు మీద పడాలి, ఎదుటివాళ్ళ ఛాతీ మీద కాదు. మిణుకు మిణుకుమని కొట్టుకునే మోడు రాత్రిపూట ముందు లైటుకి అసలు వద్దు. అందులో దూరం అంచనా కట్టడం చాలా కష్టం.

పారిస్ నుంచి బ్రెస్టుకి వెళ్ళి తిరిగి పారిస్ వచ్చే సవారీ ఒకటుంది. 1891లో పందెంగా మొదలైంది, ఇప్పుడు పందెం కాదు, నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. రాత్రి లైట్లూ, మెరిసే జాకెట్టూ తప్పనిసరి. అలాంటి సవారీల్లో దారిలో ఎవరి అవసరాలు వాళ్ళే చూసుకోవాలి, కానీ తోటివాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు. తెల్లవారుజామున 3 గంటలకి పక్కకొచ్చి ఊరూ పేరూ అడక్కుండా "నిద్రొస్తోందా? మాట్లాడుకుందాం పద" అనేవాళ్ళుంటారు. ఆ మాట నన్ను రోడ్డు మీద నిద్రలో పడిపోకుండా కాపాడింది, ఒకసారి కాదు.

పాత చైను | సోమవారం, రాత్రి 8:40

సాయం అంటే గుర్తొచ్చింది. 1913 టూర్ డి ఫ్రాన్సులో, అంటే ఫ్రాన్సులో రోజుల తరబడి దశలుగా సాగే సైకిలు పందెంలో, యూజీన్ క్రిస్టోఫ్‌కి తుర్మాలే కొండ దిగేటప్పుడు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విరిగింది. అప్పటి నియమం ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజాన వేసుకుని కొన్ని గంటలు నడిచి కిందనున్న సెంత్ మరీ ద కాంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమి చేరాడు. తన చేతులతోనే ఫోర్కు అతికించుకున్నాడు, అధికారులు నిలబడి చూస్తూనే ఉన్నారు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు చెయ్యి వేశాడని ఆయనకి పైనుంచి శిక్షగా సమయం కలిపారు.

ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఆ కుర్రాడి మీదే ధ్యాస పోతుంది. వాడి చెయ్యి దానంతటదే వెళ్ళి ఉంటుంది.

ఎదురుగాలి | సోమవారం, రాత్రి 9:30

అదే టూరు 2022కి వచ్చేసరికి ఎలా మారిందో చూడండి బాబాయ్. 18వ దశ, స్పాండెల్ కనుమ దిగుతున్నారు. మొత్తం పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో వింగెగార్డ్, ఆయన్ని ఓడించాలని వెంటపడుతున్న పొగాచర్. పొగాచర్ కంకర్లో జారి పడ్డాడు. వింగెగార్డ్ నెమ్మదించి, ఆయన లేచి వచ్చేదాకా ఆగాడు. పొగాచర్ పక్కకొచ్చి చెయ్యి చాపాడు, తొక్కుతూనే ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ పందెం. అంత వేగంలో, అంత పోటీలో చెయ్యి కలిపినవాళ్ళని చూశాక నా ఆదివారం సవారీలో తీరిక లేదనడానికి నాకు నోరు రావడం లేదు.

వెనక క్యారియర్ | గురువారం, రాత్రి 9:10

ఇవాళ జరిగింది రాయాలి.

పని నుంచి వస్తుంటే ఒకాయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. కార్బన్ సైకిలు, వెనక చక్రం విప్పి పక్కన పెట్టి ఉంది. వారాంతాల్లో నాకు ఎదురయ్యే మనిషే, ఆ ఎర్ర హెల్మెట్టు నాకు గుర్తు. ఎప్పుడూ చెయ్యెత్తడు. నేను ఆగాను. తెల్లారిగట్ల గారు చెప్పినట్టే రోడ్డు మీదనుంచి అడిగాను: "అన్నీ ఉన్నాయా?" ఆయన ఒక్క క్షణం నన్నూ, నా సంచినీ చూసి, "లేవండీ" అన్నాడు.

ఆయన దగ్గరున్న కొత్త ట్యూబు వేసుకున్నాడు, గ్యాసు సిలిండరుతో గాలి నింపాడు, రెండు నిమిషాల్లో మళ్ళీ దిగిపోయింది. సిలిండరు ఒక్కటే, అయిపోయింది. నేను టైరు లోపల రుమాలు పెట్టి చుట్టూ నడిపించాను. సగం దాటాక గుడ్డ పోగు పట్టుకుంది. చూస్తే ముల్లు, బియ్యపు గింజలో సగం ఉంటుంది, రబ్బరు రంగులో కలిసిపోయింది. అది తియ్యకుండా ట్యూబు మార్చాడు కాబట్టే రెండోదీ పోయింది.

నా దగ్గర ట్యూబుంది గానీ దాని వాల్వు లావుది, ఆయన రిమ్ము రంధ్రం సన్న వాల్వుది, పట్టదు. సరేనని ఆయన ట్యూబుకే ప్యాచ్ వేశాను. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, చేతికి అంటనంత ఆరేదాకా ఆగి, అప్పుడు ప్యాచ్ అదిమాను. ఆరేలోగా అంటించబోతే నేనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. నా పంపు కూడా ఆ సన్న వాల్వుకి పట్టదు, కానీ తాళాల గుత్తికి ఇత్తడి అడాప్టరు ఒకటి ఎప్పుడూ వేలాడుతుంటుంది. దాంతో నింపాం.

మొత్తం 25 నిమిషాలు పట్టింది. పోయేముందు ఆయన అన్నాడు: "మిమ్మల్ని నేను చాలాసార్లు చూశానండీ." నేను "తెలుసు" అన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

తెల్లారిగట్ల | గురువారం, రాత్రి 9:40

అన్నా, ఆ "తెలుసు" దగ్గర ఆగిపోయాను. ఇంకేమైనా అనొచ్చు మీరు, అనలేదు.

కొత్త పెడలు | ఆదివారం, ఉదయం 11:15

ఈ వారం అదే దారిలో 36 కిలోమీటర్లు. ఎంతమంది ఎదురొచ్చారో ఈసారి లెక్కపెట్టలేదు. పాత చైను గారు చెప్పినట్టు రోడ్డు బాగున్నచోట దూరం నుంచే చెయ్యెత్తాను, గుంటలున్నచోట రెండు వేళ్ళు. పనికి పోతున్న పెద్దాయన ఒకాయన, వెనక గడ్డి మోపంత మూట కట్టుకుని వస్తున్నాడు. ఆయనకీ ఎత్తాను. ఆయన ముందు వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరికైనా ఎత్తానేమోనని. ఎవరూ లేరు. అప్పుడు నవ్వి, తలూపాడు.

ఒకమ్మాయిని దాటాల్సి వచ్చింది. నేను దాటగలిగే వేగంలో ఉన్న మనిషి ఇన్నాళ్ళకి దొరకడం ఇదే మొదలు. 15 మీటర్ల వెనక బెల్లు కొట్టాను, ఆమె కొంచెం జరిగింది, "కుడిపక్కనుంచి వస్తున్నానండీ" అని దూరంగా దాటాను. దాటాక నెమ్మదించకూడదని గుర్తుంచుకుని ఊపిరి పోతున్నా కిలోమీటరు దాకా అదే వేగంతో తొక్కాను.

వెనక క్యారియర్ అన్నా, నా ముందు చక్రం వాల్వు లావుది, వెనకది సన్నది. పాత సైకిలు కదా, ఎవరో చక్రం మార్చినట్టున్నారు. మీరు చెప్పిన ఇత్తడి అడాప్టరు ఒక్కటి చాలా, రెండు కావాలా? దారిలో ఎవరైనా ఆగి ఉంటే అడగడానికి నా దగ్గర ఏమేం ఉండాలి?

వెనక క్యారియర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

పంపు లావు వాల్వుదైతే అడాప్టరు ఒక్కటి చాలు తమ్ముడూ, అది వెనక చక్రానికే కావాలి. ముందుదానికి పంపు నేరుగా పడుతుంది. కానీ రెండు కొను, రెండోది ఎవరికైనా ఇవ్వాల్సి వస్తుంది. లోపలి రబ్బరు ఉంగరం ఉందో లేదో చూసుకో, అది లేకపోతే గాలి కారిపోతుంది.

ట్యూబు సన్న వాల్వుది పెట్టుకో. లావు రంధ్రంలో కూడా అది పడుతుంది, కొంచెం కదిలినా పని జరుగుతుంది. లావుది సన్న రంధ్రంలో పట్టదు. టైరు విప్పే ప్లాస్టిక్ రేకులు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్ పెట్టుకో. సొల్యూషన్ గొట్టం ఒకసారి మూత తీస్తే కొన్నాళ్ళకి లోపల ఎండిపోతుంది, నెలకోసారి నొక్కి చూడు. ఒక రుమాలు కూడా పెట్టుకో, వేళ్ళతో టైరు లోపల తడిమితే ముల్లు వేలికే దిగుతుంది.